ఆర్ కార్డు లేని నిర్వాసితులు: మేత భూముల కోసం వినతిపత్రం

ఉక్కునగరం, విశాఖపట్నం.

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రివర్యులకు, రెవెన్యూ శాఖ మంత్రివర్యులకు,
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అమరావతి.

విషయం: అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో మేత పోరంబోకులను కొలిచి హద్దురాళ్లు వేయించడం, మందలు నడిచే దారులను కాపాడటం, కొత్త సేద్యంలో జీవాలకు చోటు కల్పించడం గురించి.

అయ్యా,

మేము అనంతపురం సీమలో గొర్రెల మందల వెనక పుట్టి పెరిగి, ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగాలొచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లం. మాలో కొందరు ఇంకా డ్యూటీలో ఉన్నారు. కొందరు రిటైరై గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఇళ్లు కట్టుకున్నారు. మా అన్నదమ్ములు, బావమరదులు అక్కడే జీవాలు కాస్తున్నారు. జీవాలంటే మా సీమలో గొర్రెలు, మేకలు. మందను వదిలి ఒక పూట కదలడానికి వీల్లేని పని వాళ్లది. ఆఫీసుకు వెళ్తే సారు లేడంటారు, రేపు రమ్మంటారు. రేపటికి మంద పది మైళ్ల అవతల ఉంటుంది. అందుకే వాళ్ల తరఫున ఈ విన్నపం మేము రాస్తున్నాం.

సముద్రం ఒడ్డున కూర్చుని అనంతపురం గడ్డి గురించి మీకెందుకని తమరు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి.

మొదటిది, మేము నిద్రపోతున్న ఈ సెక్టార్ల కింద ఉన్న నేల. ఈ ఫ్యాక్టరీకి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. దీనికోసం 64 ఊళ్ల జనం భూములిచ్చారు. ఆ ఊళ్లకూ పశువులుండేవి, మేత బీళ్లుండేవి. వాళ్ల చేతికి పునరావాస కార్డు ఇచ్చారు. ఇక్కడ దాన్ని ఆర్ కార్డు అంటారు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం వేలమంది ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు, ఆ అన్యాయం మా కళ్లముందే ఉంది. అయినా ఒక్క మాట చెప్పాలి. ఫలానా నాడు, ఫలానా పనికి, ఫలానా సర్వే నంబరులో భూమి పోయిందని వాళ్ల దగ్గర కాగితం ఉంది. మా ఊళ్లలో కాపరి భూమి పోయింది కానీ నోటీసు రాలేదు, గెజిట్‌లో పడలేదు, కొలతలు తీయలేదు. అది ఆయన పేరున ఉన్న భూమి కాదు కాబట్టి పోయినట్టు కూడా ఎవరూ రాసుకోలేదు.

రెండో కారణం మా చేతి పని. ఈ పత్రం రాస్తున్న నేను వైర్ రాడ్ మిల్లులో పనిచేశాను. అక్కడ ఎర్రగా కాలిన తీగ రింగులు రింగులుగా కన్వేయర్ మీద పడి, నల్లబడుతూ, చుట్ట అయి బయటికి వస్తుంది. అలాంటి చుట్టల నుంచే బయటి కర్మాగారాల్లో సన్నతీగ లాగుతారు, ముళ్లతీగ పేనుతారు. కొన్నేళ్ల కింద సెలవుకు ఊరికి పోయినప్పుడు మా చిన్నాయన వెంట మంద దగ్గరికి వెళ్లాను. గుట్ట వారన, మా చిన్నప్పటి నుంచి మంద నడిచిన దోవకు అడ్డంగా ఐదు వరుసల ముళ్లకంచె ఉంది. కొత్త తీగ, ఎండకు మెరుస్తోంది. చూడిగొర్రె ఒకటి దూరబోయి పొదుగు చీరుకుంది. చిన్నాయన దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, గాయానికి పసుపు అద్దుతూ అడిగాడు: "ఈ తీగె మీ ఫ్యాక్టరీదేనారా?"

"మా దగ్గర చుట్టలే చేస్తాం చిన్నాయనా, ముళ్లు వేరేవాళ్లు పెడతారు" అన్నాను.

ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆ జవాబు నాకే చిన్నతనంగా ఉండి, ఇన్నేళ్లకు ఈ కాగితం మీదికి వచ్చింది.

అయ్యా, మా మేత ఎలా పోయిందో వరసగా మనవి చేసుకుంటాం.

అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. విశాఖలో కురిసేదాంట్లో ఇంచుమించు సగం. రాష్ట్రంలో ఇంతకన్నా ఎండిన సీమ లేదు. అలాంటి చోట గొర్రె బతికిందంటే కారణం, ఒక్కచోట మేత లేకపోయినా నడిచిపోతే ఇంకోచోట దొరకడం. వానాకాలంలో గుట్టలు, మిట్టలు, బీళ్లు. కోతలయ్యాక చేలు. ఎండాకాలంలో తుంగభద్ర ఎగువ కాలువ ఆయకట్టు వైపు, నల్లరేగడి ఊళ్ల వైపు ప్రయాణం. ఈ మూడింటినీ కలిపేది దోవ. మూడింట్లో ఏ ఒక్కటి తెగినా మంద ఆగిపోతుంది. మాకు మూడూ తెగాయి, దోవ కూడా తెగింది.

ముందు బోరు వచ్చింది. బావుల కాలంలో నీళ్లు అందని మిట్టభూమి బీడుగానే ఉండేది, ఎవరికీ దానిమీద ఆశ ఉండేది కాదు. తిరుచెంగోడు నుంచి రిగ్గు బండ్లు దిగి, నాలుగు వందలు, ఆరు వందలు, ఆ పైన వెయ్యి అడుగులకు పోయేసరికి, రాళ్లు తేలిన నేలకూ ధర వచ్చింది. 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చింది. అంతకు ముందు ఏడాదే మొదలైన సూక్ష్మసేద్యం పథకంతో డ్రిప్పు పైపులు ఊరూరా పరుచుకున్నాయి. జేసీబీ పెట్టి గుట్టవార చదును చేస్తే చీనీ తోట, దానిమ్మ తోట, మామిడి తోట. ఎండిన జిల్లాకు పండ్ల జిల్లా అని పేరు వచ్చింది. ఆ పేరు మాకూ సంతోషమే. అయితే ఆ తోటల్లో కొన్ని లేచింది గొర్రె మేసిన నేల మీదనే.

ఇంకో సంగతి ఎవరూ గమనించరు. కాలువల్లో, మడవల్లో నీళ్లు పారిన రోజుల్లో గొర్రె దారిలో ఎక్కడో ఒకచోట మూతి తడుపుకునేది. డ్రిప్పులో చుక్క బయటికి పోదు. మే నెలలో తోట అంచున, దప్పికకు ఆగలేక నల్లపైపు కీళ్ల దగ్గర నాకుతున్న గొర్రెపిల్లలను మేము చూశాం. పైపు కొరికిందని రైతు తిడతాడు. ఆయన తప్పు లేదు, గొర్రె తప్పూ లేదు.

తర్వాత ట్రాక్టరు. మడకతో దున్నే రైతు తన ఎడ్లు ఎంత దున్నగలవో అంతే దున్నేవాడు. మిగిలింది బీడు వదిలేవాడు, రెండేళ్లకోసారి చేను మార్చేవాడు. ట్రాక్టరుకు అలుపు లేదు. వేరుశనగ మంచి ధర పలికిన కాలంలో ఉమ్మడి జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా ఆ ఒక్క పంటే వేశారు. వంకల గట్లు, బండిబాటలు, దిన్నెలు కూడా సాలు కిందికి వచ్చాయి. ఇక రోటవేటరు వచ్చాక కోసిన వారంలోపే మోళ్లు మట్టిలో కలిసిపోతున్నాయి. ఒకప్పుడు చేతులతో పీకిన వేరుశనగ చేలో రాలిన ఆకు, మిగిలిన కట్టె మందకు రెండు నెలల మేత. ఇప్పుడు యంత్రం కట్టెను వాముగా పోస్తే, అది లారీలెక్కి పాడి ఊళ్లకు పోతోంది. వరి ఊళ్లలో కోతయంత్రం తొక్కిన గడ్డిని కట్టలు కట్టడమో, కాల్చెయ్యడమో జరుగుతోంది.

ఆ తర్వాత మందు. ఒకప్పుడు కలుపు అంటే కూలోళ్లు తీసి గట్టున వేసేవాళ్లు, గొర్రె వెనకే మేసేది. ఇప్పుడు గట్టుకు కూడా కలుపుమందు కొడుతున్నారు. కొట్టిన చేనేదో, కొట్టనిదేదో కాపరికి తెలియదు. గ్లైఫోసేట్ అనే కలుపుమందును నిపుణులైన పురుగు నివారణ సిబ్బంది తప్ప ఇంకెవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ మాట చేను గట్టు దాకా రాలేదు. 2006లో వరంగల్ జిల్లాలో పత్తి చేలల్లో మేసిన గొర్రెలు చచ్చిపోయాయని కాపరులు మొరపెట్టుకున్నారు. కారణం మీద శాస్త్రవేత్తలు, అధికారులు ఒక మాటకు రాలేదు. నష్టం మాత్రం కాపరిదే అయింది.

చివరికి తీగ. అడవిపందుల బాధకు రైతు కంచె వేస్తాడు, కాదనలేం. కానీ వరసగా పది తోటలు కంచె వేస్తే, వాటి మధ్య దోవ మిగలాలని ఎవరికీ తట్టలేదు. పదకొండోవాడు కంచె వేసిన రోజున మంద ఊళ్లో బందీ అయింది.

ఇవి కాక గాలిమరలు, సౌర పలకలు వచ్చాయి. ఎన్.పి.కుంట దగ్గర 1,500 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టారు, 2016లో అందులో మొదటి 250 మెగావాట్లు మొదలయ్యాయి. కరెంటు దేశానికి కావాలి. ఆ పలకల నీడలో గడ్డి మొలుస్తుంది, దాన్ని గొర్రె మేయవచ్చు కదా అని మాత్రమే మా మనవి.

ఇది మా ఒక్క సీమ కథ కాదు. మెట్ట ప్రాంతాల ఉమ్మడి భూముల మీద ఇక్రిశాట్‌లో పనిచేసిన ఆర్థికవేత్త ఎన్.ఎస్.జోధా ఏడు రాష్ట్రాల్లో పరిశోధన చేశారు. అందులో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోని మహబూబ్‌నగర్, మెదక్ ఊళ్లు కూడా ఉన్నాయి. 1950ల తొలినాళ్ల నుంచి 1980ల తొలినాళ్ల లోపల ఆ ఊళ్ల ఉమ్మడి భూమి రాష్ట్రాన్ని బట్టి 31 నుంచి 55 శాతం దాకా తరిగిపోయిందని లెక్క తేల్చారు. అన్నిటికన్నా ఎక్కువ పోయింది రాజస్థాన్‌లో. అక్కడ ట్రాక్టరు వచ్చాక బీళ్లు ఎలా దుక్కిలోకి వచ్చాయో ఆయన 1970లలోనే రాశారు. రిగ్గు బండ్లు, డ్రిప్పు, రోటవేటరు మా ఊళ్లను ముంచెత్తింది ఆ లెక్క తర్వాతే.

అయ్యా, మేము యంత్రాలకు శత్రువులం కాదు. యంత్రం వల్లనే మా పిల్లలు చదువుకున్నారు. తోట పెట్టిన రైతు మా పక్కింటివాడే, చాలాచోట్ల మా చుట్టమే. పేదలకు పట్టాలిచ్చిన బంజరు మీద కూడా మాకు పేచీ లేదు. కొత్త పనిముట్టు వచ్చినప్పుడల్లా దాని లాభం ఎవరికో ప్రభుత్వం లెక్క కట్టింది, రాయితీ ఇచ్చింది. దాని కింద ఎవరి మేత పోతుందో ఒక్కసారి కూడా లెక్క కట్టలేదు. మా బాధ అదీ.

ఆ లెక్క కట్టడానికి చట్టాలు ఉన్నాయి. మేత పోరంబోకులు గ్రామ పంచాయతీల అధీనంలో ఉంటాయని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. సంచార పశుపోషకులకు అడవిలో మేత హక్కు ఉందని 2006 అటవీ హక్కుల చట్టం రాసిపెట్టింది. వేరే దేశాల సంగతీ చూడండి. స్పెయిన్‌లో మందల దారులు ప్రభుత్వ ఆస్తి అని, వాటిని అమ్మడానికీ ఆక్రమించడానికీ వీల్లేదని 1995లో చట్టం చేశారు. అక్కడి పెద్ద మందదారి వెడల్పు 75 మీటర్లు. ఏటా ఒకరోజు రాజధాని మాడ్రిడ్ నడివీధిలో గొర్రెలు నడుస్తాయి. మేము 75 మీటర్లు అడగడం లేదు.

2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో కోటీ 76 లక్షల గొర్రెలున్నాయి. తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం మనదే. ఐక్యరాజ్యసమితి 2026ను మేత భూముల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. అడగడానికి ఇంతకన్నా తగిన సమయం లేదని తలచి, ఈ కింది కోరికలు తమ ముందుంచుతున్నాం.

1. కొలత. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో రైతు భూమిని కొలుస్తున్నారు. అదే డ్రోనుతో మేత పోరంబోకును, బండిబాటను, వంకను, కుంటను కొలిపించి, పాత రికార్డుతో పోల్చి, ఎంత ఉండేదో ఎంత మిగిలిందో గ్రామ సచివాలయం గోడ మీద రాయించాలి. హద్దురాళ్లు పాతించాలి. ఇది మా మొదటి కోరిక. మిగతావన్నీ దీని మీదే నిలుస్తాయి.

2. దోవ. మందలు నడిచే దారులను కాపరులను వెంటబెట్టుకుని నడిచి గుర్తించి, పటం గీయించాలి. ముప్పై అడుగుల వెడల్పు చాలు. ఒక మంద పోతుంటే ఎదురుగా ట్రాక్టరు వస్తే ఇరువైపులా ఒదిగేంత.

3. కంచె. డ్రిప్పుకు, తోటకు, కంచెకు రాయితీ ఇచ్చేటప్పుడు దోవకు అడ్డం రాదని రైతు దగ్గర హామీ తీసుకోవాలి. ఇప్పటికే అడ్డంగా ఉన్నచోట తెరిచి మూసే తడక పెట్టించాలి. దోవ పక్కన కింది రెండు వరుసలకు ముళ్లతీగ బదులు సాదా తీగ వాడాలి. అలాంటి తీగ ఎలా ఉండాలో చెప్పడానికి మాలో మిల్లు పని తెలిసినవాళ్లం సిద్ధంగా ఉన్నాం.

4. నీళ్లు. దోవ పొడవునా గంట నడకకు ఒక తొట్టి ఉండాలి. ఉపాధి పనుల్లో కట్టిన తొట్లు చాలాచోట్ల ఎండి, పగిలి ఉన్నాయి. ఊరి బోరు నుంచి గొట్టం వేసి, వాటిని నింపే బాధ్యత పంచాయతీకి అప్పగించాలి.

5. మందు కొట్టిన చేను. కలుపుమందు, పురుగుమందు కొట్టిన చేనికి నాలుగు మూలలా ఎర్రగుడ్డ కట్టాలని నియమం పెట్టాలి. చదువు రాని కాపరికి బోర్డు కన్నా గుడ్డ మేలు. మందు వల్ల చచ్చిన జీవానికి పశువైద్యుడు ఆ రోజే పోస్టుమార్టం చేసి, కాగితం చేతికివ్వాలి.

6. కోత తర్వాత మేత. ఏ చేలో ఏ పంట ఉందో ఈ-క్రాప్‌లో ప్రభుత్వానికి తెలుసు. ఏ ఊళ్లో ఎప్పుడు చేలు ఖాళీ అవుతాయో రైతు సేవా కేంద్రాల ద్వారా కాపరులకు చెప్పించాలి. మోళ్లు దున్నడానికి పది రోజులు ఆగిన రైతుకు, రాత్రి మంద కట్టించుకున్న రైతుకు ప్రకృతి సేద్యం పథకం కింద ప్రోత్సాహం ఇవ్వాలి. మా తాతల కాలంలో మంద కట్టినందుకు రైతే కాపరికి గింజలు కొలిచేవాడు. ఎరువు బస్తా వచ్చి ఆ ఒప్పందం చెదిరింది. అది తిరిగి కుదిరితే ఇద్దరికీ లాభమే.

7. గడ్డి. మిగిలిన బీళ్లను సర్కారు తుమ్మ మింగేస్తోంది. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ గడ్డ మీదే కూలోళ్లతో కంప కొట్టించి, అంజన్ గడ్డి, స్టైలో విత్తించి, వంతులవారీగా మేపే ఏర్పాటు చేయాలి. కాపలా కాపరులకే ఇవ్వాలి.

8. మళ్లింపు. మేత పోరంబోకును సౌర, గాలి విద్యుత్తుకో, తోటలకో, పరిశ్రమకో మళ్లించే ముందు గ్రామసభలో కాపరుల మాట విని రాసుకోవాలి. తీసుకుంటే అంతే విస్తీర్ణం వేరేచోట చూపించాలి. సౌర పలకల కింద మేతకు అనుమతి ఇవ్వాలి.

9. మేత కార్డు. కాపరి కుటుంబానికి ఒక కార్డు ఇవ్వాలి. అందులో జీవాల సంఖ్య, మేపే బీళ్లు, నడిచే దోవ రాయాలి. పొరుగు మండలంలో మందను ఆపినప్పుడు చూపించడానికి, రేపు ఆ బీడు పోతే ఏం పోయిందో చెప్పుకోవడానికి ఒక కాగితం ఉండాలి. ఉక్కునగరంలో ఆర్ కార్డు ఉన్నవాళ్ల గోస చూసినవాళ్లం మేము. కార్డు ఉంటే అంతా దొరుకుతుందని భ్రమపడటం లేదు. కార్డు లేనివాడు అడిగేవాళ్ల వరసలో కూడా నిలబడలేడని మాత్రం మాకు తెలుసు.

అయ్యా, ఈ తొమ్మిదింటిలో ఏదీ పెద్ద డబ్బుతో కూడిన పని కాదు. డ్రోను ఉంది, పటం ఉంది, సచివాలయం ఉంది, పథకం ఉంది. వాటి లెక్కలో గొర్రెను కూడా చేర్చమంటున్నాం, అంతే.

పోయిన ఏడాది చిన్నాయన మందలో సగం అమ్మేశాడు. మిగిలిన నలభైని రోడ్డు పక్కనే మేపుతున్నాడు. లారీ హారన్ వినబడితే ముందు తానే రోడ్డు మధ్యకు వచ్చి, చేతికర్ర అడ్డం పెట్టి నిలబడతాడు. ఆయనకు డెబ్బై దాటాయి. ఆయన కర్ర చేస్తున్న ఆ పని ప్రభుత్వ హద్దురాయి చేయాలని మా ప్రార్థన.

తమరు దయతో పరిశీలించి, రెండు జిల్లాల కలెక్టర్లకు తగిన ఆదేశాలు ఇప్పించవలసిందిగా సవినయంగా కోరుతున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
ఉక్కునగరం, గాజువాక, కూర్మన్నపాలెంలలో నివసిస్తున్న అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల గొర్రెల కాపరుల కుటుంబాలవాళ్లం.
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది.)

ప్రతులు:
భూపరిపాలన ప్రధాన కమిషనర్ గారికి.
అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కలెక్టర్లకు.
రెండు జిల్లాల పశుసంవర్ధక శాఖ అధికారులకు.